ముందు కన్ను, ఆ తర్వాతే రంగు

(ఒంగోలులో ఆల్బినిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు, ఆశా కార్యకర్తల సమావేశంలో ఒక లో విజన్ (అద్దాలు పెట్టినా చూపు తక్కువగా ఉండటం) నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలున్నాయి. పడమటి వైపు కిటికీలకు తెరలు వేయించాం. గాలి రావట్లేదని ఎవరో అంటున్నారు, కాస్త ఓర్చుకోండి. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ఆ కిటికీల వైపు తిరిగితే కళ్ళు తెరవలేరు. మనకది మామూలు వెలుతురే, వాళ్ళకు మాత్రం ఎదురుగా లైటు కొట్టినట్టే. మీ ఇంట్లో, మీ బడిలో కూడా ముందు చెయ్యాల్సిన పని ఇదే. బిడ్డ ఎక్కడ కూర్చుంటోంది, వెలుతురు ఎటు నుంచి వస్తోంది అని చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

బిడ్డ పాలతెలుపుతో, తెల్లటి జుట్టుతోనో రాగిరంగు జుట్టుతోనో పుడితే మన ఇళ్ళల్లో మాటంతా రంగు చుట్టే తిరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందంటారు. కుంకుమపువ్వు పాలు ఎక్కువ తాగిందంటారు. ఏదో ఒకటి చెప్పి తల్లి మీదకు తోసేస్తారు. రోజూ కాసేపు ఎండలో పడుకోబెడితే రంగొస్తుందని ఒక పెద్దావిడ సలహా ఇస్తుంది. ఇందులో ఒక్కటీ నిజం కాదు. ఎండలో పెడితే రంగు రాదు, చర్మం కాలుతుంది. దీని పేరు ఆల్బినిజం, ఇది బొల్లి కాదు. బొల్లి పుట్టాక మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఇది పుట్టుకతోనే ఒళ్ళంతా ఉంటుంది. కుష్టు అసలే కాదు, ఎవరికీ అంటదు.

ఈ గోలలో అందరూ మర్చిపోయేది చూపు. ఆల్బినిజం ఉన్న దాదాపు ప్రతి బిడ్డకూ చూపు తక్కువే. చర్మాన్ని గుడ్డతో కప్పి కాపాడుకోవచ్చు. చదువును, పనిని, రోడ్డు దాటడాన్ని రోజూ అడ్డుకునేది మాత్రం కన్ను. బోర్డు కనిపించక నోట్సు రాయని పిల్లాణ్ణి మొద్దు అంటున్నాం. ఎదురింటి అత్త చెయ్యి ఊపితే పలకని పిల్లను పొగరుబోతు అంటున్నాం. వాళ్ళ తెలివికేం తక్కువ లేదు, ఆయుష్షుకూ సాధారణంగా తక్కువ లేదు. కనిపించడం లేదు, అంతే. అందుకే ఈ రోజు ఎక్కువసేపు కంటి గురించే మాట్లాడతాను.

కారణం రెండు మాటల్లో చెప్తాను. చర్మానికి, జుట్టుకు, కంటికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే జన్యువుల్లో ఏదో ఒకటి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా లోపంతో వస్తేనే ఎక్కువ రకాల ఆల్బినిజం వస్తుంది. ఒకవైపు నుంచే వస్తే ఆ మనిషికి ఏమీ ఉండదు, తన దగ్గర ఆ జన్యువుందని తెలియను కూడా తెలియదు. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక మిగతా ముగ్గురికీ రాదనుకోకండి, ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే. ప్రపంచం మొత్తం మీద సుమారు 17,000 నుంచి 20,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఎక్కువగా కనిపిస్తుంది. అక్క కూతుర్ని, మేనబావను చేసుకున్నప్పుడు ఇద్దరి దగ్గరా ఒకే తాతదో అవ్వదో జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది, కారణం అదే. ఇందులో తల్లి తప్పు ఎంత ఉందో తండ్రి తప్పూ అంతే ఉంది, అంటే ఇద్దరిదీ లేదు.

ఆశా అక్కలు ఒక్క విషయం రాసుకోండి. తెల్లజుట్టు ఉంటేనే ఆల్బినిజం అనుకోవద్దు. కొన్ని రకాల్లో జుట్టు పసుపుగానో గోధుమరంగులోనో ఉంటుంది, వయసుతో కాస్త ముదురుతుంది కూడా. ఇంకో రకంలో చర్మం, జుట్టు దాదాపు మామూలుగా ఉండి కంటికి మాత్రమే వస్తుంది. ఇది ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది, తల్లి వైపు నుంచి వస్తుంది. కాబట్టి రంగు ఎలా ఉన్నా సరే, కళ్ళు ఊగుతున్న బిడ్డ కనిపిస్తే కంటి డాక్టరు దగ్గరకు పంపండి.

ఇక కంటి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం పని అదనపు వెలుతురును ఆపడం. అందులో మెలనిన్ లేకపోతే పల్చటి పంచె కట్టిన కిటికీ లాగా వెలుతురు అన్ని వైపుల నుంచీ లోపలికి దూరుతుంది. ఎండలోకి రాగానే పిల్లలు కళ్ళు చికిలించేది అందుకే. రెండోది, కంటి వెనక తెర మీద సన్నటి అక్షరాన్ని చూసే చిన్న గుంట ఒకటి ఉంటుంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మెలనిన్ సరిగా లేకపోతే ఆ గుంట పూర్తిగా ఏర్పడదు. చూపు తగ్గడానికి అసలు కారణం ఇదే, అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవడానికి కారణమూ ఇదే. మూడోది, రెండు కళ్ళ నుంచి మెదడుకు వెళ్ళే నరాలు మామూలు కన్నా ఎక్కువగా అటుదిటు ఇటుదటు దాటిపోతాయి. అందువల్ల రెండు కళ్ళూ కలిసి లోతును సరిగా అంచనా వెయ్యలేవు, మెల్ల కూడా రావచ్చు. మెట్టు దిగేటప్పుడు తడబడటం, పైకెగరేసిన బంతి పట్టుకోలేకపోవడం ఈ కారణంగానే. ఇంట్లో ప్రతి మెట్టు అంచుకూ రెండంగుళాల వెడల్పున ముదురు పసుపు పెయింటు గీత వెయ్యండి. సిమెంటు మెట్ల మీద ఆ గీత ఒక్కటే వాళ్ళకు ఆధారం.

కళ్ళు ఊగడం సాధారణంగా రెండు మూడు నెలల వయసులో మొదలవుతుంది. అప్పటికి బిడ్డ తల్లి ముఖంలోకి నిలకడగా చూడట్లేదని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. గుడ్డిబిడ్డ అని తీర్మానించేస్తారు. తొందరపడకండి. ఈ పిల్లల్లో చూపు ఆలస్యంగా అందుకుంటుంది, మొదటి ఏడాదిలో బాగా మెరుగుపడుతుంది. మూడు నాలుగు నెలలు వచ్చేసరికి పిల్లల కంటి డాక్టరుకు ఒకసారి చూపించండి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. లో విజన్ పరీక్ష కోసం పైకి పంపితే తిరుపతిలో అరవింద్, విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ మనకు దగ్గర. పవర్ చూసేటప్పుడు కంట్లో చుక్కలు వేసి చూడాలి. చుక్కలు లేకుండా చూస్తే చిన్నపిల్లల్లో పవర్ తప్పొస్తుంది. వీళ్ళకు సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు కావలసిన పవర్) ఎక్కువగా ఉంటుంది, అది సరిచెయ్యకపోతే ఉన్న కాస్త చూపూ మసకబారుతుంది.

ఇక్కడ ఎక్కువమంది ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటుంది. అద్దాలు పెట్టాక 6/60 ఉన్న చూపు 6/36 అయిందనుకోండి (కింది అంకె తగ్గేకొద్దీ చూపు మెరుగన్నమాట), 'వేలకు వేలు పోశాం, ఇంకా బోర్డు కనపడట్లేదంటాడు' అని అద్దాలు బీరువాలో పెట్టేస్తారు. ఆ తేడా చిన్నది కాదు. మూడు మీటర్ల దూరంలో కనిపించే అక్షరం ఇప్పుడు ఐదు మీటర్ల నుంచి కనిపిస్తుంది. చదువుకునే బిడ్డకు అది రెండు మూడు బెంచీల దూరం. అద్దాలు తియ్యనివ్వకండి.

ఇంకొకటి. కొందరు పిల్లలు తల ఒక పక్కకు తిప్పి, గడ్డం వంచి చూస్తారు. తిన్నగా చూడు అని తల పట్టుకుని సరిచేస్తారు పెద్దవాళ్ళు. చెయ్యొద్దు. ఆ కోణంలో కళ్ళు ఊగడం తగ్గుతుంది, అక్షరం నిలుస్తుంది. ఆ కోణాన్ని బిడ్డే వెతుక్కుంది. తల ఎడమకు తిప్పి చూసే బిడ్డను తరగతిలో ఎడమ పక్కన కూర్చోబెడితే, బోర్డు కుడివైపుకు వస్తుంది, తల తిప్పకుండానే కళ్ళు కుడికి తిప్పి హాయిగా చూడగలదు. తిరగేసి కూర్చోబెడితే రోజంతా మెడ నొప్పే. ఏ పక్క బాగుందో రెండు రోజులు అటూ ఇటూ కూర్చోబెట్టి బిడ్డనే అడగండి. జ్వరం వచ్చినా, నిద్ర చాలకపోయినా, పరీక్ష భయం ఉన్నా ఊగడం ఎక్కువవుతుంది, ఆ రోజు చూపూ తగ్గుతుంది. 'నిన్న చదివాడు, ఇవాళ కనపడదంటాడు, నాటకాలు' అనకండి.

టీచర్లకు లెక్కలో చెప్తాను, అప్పుడు బాగా తెలుస్తుంది. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసే అక్షరాన్ని ఈ బిడ్డ 6 మీటర్ల నుంచి చూస్తుంది. ఈ చూపున్న బిడ్డకు ప్రతి మీటరు దూరానికి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు అక్షరం కావాలి, అదీ గుర్తుపట్టడానికి మాత్రమే. మీరు బోర్డు మీద నాలుగు సెంటీమీటర్ల అక్షరాలు రాస్తే రెండున్నర, రెండుముప్పావు మీటర్ల దగ్గర ఏదో అక్షరం అని తెలుస్తుంది. తడుముకోకుండా చదవాలంటే అందులో సగం దూరానికి, అంటే మీటరున్నర లోపుకు రావాలి. మొదటి బెంచీ బోర్డుకు రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. మొదటి బెంచీలో కూర్చోబెట్టాం కదా, ఇంకేం కావాలి అంటే సరిపోదు. లేచి బోర్డు దగ్గరకు వెళ్ళి చూసుకునే అనుమతి ఆ బిడ్డకు ఎప్పుడూ ఉండాలి, ప్రతిసారీ అడగాల్సిన పని లేకుండా.

పుస్తకం సంగతీ అంతే. పాఠ్యపుస్తకంలో అక్షరం మూడు మిల్లీమీటర్లు ఉంటే, 6/60 చూపుకు 20 సెంటీమీటర్ల దగ్గర లీలగా తెలుస్తుంది, పది సెంటీమీటర్ల దగ్గర హాయిగా చదువుతుంది. మరి మన తెలుగులో ఒత్తులున్నాయి. అసలు అక్షరంలో సగం ఉంటుంది కింది ఒత్తు. 'ద'కు 'ధ'కు మధ్య తేడా ఒక చిన్న గీత, 'ప'కూ 'వ'కూ తేడా పైన తలకట్టు కలవడం, కలవకపోవడం, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక మెలిక. అందుకే ఇంగ్లీషు పుస్తకం చదివే దూరంలో తెలుగు చదవలేరు, ముక్కు తగిలేదాకా దగ్గరకు తెచ్చుకుంటారు. 'కళ్ళు పోతాయిరా, దూరంగా పెట్టుకో' అని పుస్తకం లాగేస్తాం మనం. కళ్ళేమీ పోవు. దగ్గరగా చూడటం వల్ల కంటికి ఏ హానీ జరగదు. చిన్నపిల్లల కన్ను ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గర కూడా కుదురుకోగలదు. టీవీకి దగ్గరగా కూర్చున్నా అంతే, కూర్చోనివ్వండి. ఆ శక్తి వయసుతో తగ్గుతుంది. నలభై దాటాక దగ్గరి చూపుకు ఎక్కువ పవర్ అద్దాలో భూతద్దమో తప్పనిసరి.

దగ్గరకు చూసీ చూసీ మెడ, నడుము పోతాయి. కాబట్టి బిడ్డ పుస్తకం మీదకు వంగకూడదు, పుస్తకమే బిడ్డ దగ్గరకు లేవాలి. ఏటవాలు చదువు బల్ల కొనక్కర్లేదు. వడ్రంగి చేత ఒకటిన్నర అడుగు పలక, వెనక కాలు, కింద అంచు పట్టీ పెట్టించండి, చాలు. తెల్లకాగితం మెరుపు కళ్ళకు కొడుతుంటే నల్ల అట్టముక్కలో ఒక వరుస మాత్రమే కనిపించేలా చీలిక కోసి పేజీ మీద జరుపుకుంటూ చదివించండి. ఇది చాలామందికి భూతద్దం కన్నా ఎక్కువ పనికొస్తుంది. నల్లబోర్డు మీద తెల్ల సుద్ద, నల్లపలక మీద తెల్ల బలపం వీళ్ళకు చాలా అనుకూలం. మెరిసే తెల్లబోర్డు మీద నీలం మార్కరు అంత కష్టమైనది ఇంకోటి లేదు. జెరాక్స్ పేపర్లు మసక జెరాక్సుగా ఇవ్వకండి. ప్రశ్నపత్రం ఏ4 కాగితం నుంచి ఏ3కి పెంచి తీస్తే అక్షరం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది.

భూతద్దం వాడటంలో కిటుకు ఉంది. ముందు అద్దాన్ని పేజీకి ఆనించాలి. అక్కడి నుంచి మెల్లగా పైకి లేపుతూ అక్షరం పెద్దదై ఇంకా స్పష్టంగా ఉన్నచోట ఆపాలి. ఆ పైన లేపితే అలుక్కుపోతుంది. తర్వాత కంటిని అద్దానికి దగ్గరగా తేవాలి, అప్పుడు ఒకేసారి ఎక్కువ పదాలు కనిపిస్తాయి. చేతిలో అద్దం దూరంగా పట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటే విసుగొచ్చి పారేస్తారు. చిన్నపిల్లలకు పేజీ మీద బోర్లించే గుండ్రటి గాజు అద్దం మేలు, దాన్ని జరుపుకుంటూ పోవడమే, దూరం కుదుర్చుకోవాల్సిన పని లేదు.

బోర్డుకు, బస్సు నంబరుకు ఒంటికంటి చిన్న దుర్భిణి ఉంటుంది. నాలుగు రెట్లది అయితే 6/60 చూపు 6/15 దాకా వస్తుంది. ఏడెనిమిదేళ్ళ వయసులో నేర్పొచ్చు. ముందు దుర్భిణి లేకుండా బోర్డు ఎక్కడుందో చూసి, తల కదపకుండా దుర్భిణిని కంటికి తీసుకురావాలి. ఆ తర్వాత తిప్పి స్పష్టత కుదుర్చుకోవాలి. అది వచ్చాక బోర్డు అంచు పట్టుకుని ఎడమ నుంచి కుడికి వరుసగా నడిపించడం నేర్పాలి. తిన్నగా వరుస చదవడంతో మొదలుపెడితే ఎవరికీ రాదు. నడుస్తూ దుర్భిణి వాడకూడదు, చూపు మేర బాగా తగ్గిపోతుంది, పడిపోతారు.

చేతిలో ఫోనుంటే సగం పరికరాలు అందులోనే ఉన్నాయి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మ్యాగ్నిఫికేషన్ పెట్టుకుంటే మూడుసార్లు తడితే తెర పెద్దదవుతుంది. టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. రంగులు తిరగేసి నల్లతెర మీద తెల్ల అక్షరాలు చేసుకోవచ్చు. టీచరు బోర్డు చెరిపే ముందు బిడ్డను ఫొటో తీసుకోనివ్వాలి. తరగతిలో ఫోను నిషేధం అంటే, టీచరే తన ఫోనులో తీసి పంపొచ్చు.

ఇప్పుడు వెలుతురు. చదివేటప్పుడు దీపం వెనక నుంచో పక్క నుంచో పుస్తకం మీద పడాలి, కంటిలోకి కాదు. తరగతిలో వీపు కిటికీ వైపు ఉండాలి. బయటికి వెళ్ళేటప్పుడు అద్దాల కన్నా ముందు టోపీ. కంటికి కొట్టే వెలుతురులో ఎక్కువ భాగం పై నుంచే వస్తుంది, దాన్ని మూడంగుళాల అంచు ఉన్న టోపీ ఆపినంతగా ఏ నల్లద్దమూ ఆపదు. క్రికెట్ క్యాప్ చాలదు, చెవులు, మెడ బయటే ఉంటాయి. గుండ్రంగా చుట్టూ అంచు ఉండాలి. నల్లద్దాలు కొంటే యూవీ 400 (యూవీ అంటే ఎండలో ఉండే, చర్మాన్నీ కంటినీ దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలు) అని రాసి ఉన్నవి, పక్కల మూసినవి కొనండి. మరీ చీకటి అద్దం పెడితే కనిపించే కాస్తా కనిపించదు. గోధుమరంగు, తేనెరంగు అద్దాలు చాలామందికి పడతాయి, పెట్టి చూసి ఎంచుకోవాలి. ఎండలో నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలు షాపువాళ్ళు ఎక్కువగా అంటగడతారు. వేడి ఎక్కువైనకొద్దీ అవి తక్కువ నల్లబడతాయి. మన మే నెల ఎండలో, సరిగ్గా కావలసినప్పుడే సగం పని చేస్తాయి. కారు ముందద్దం వెనక అసలే పని చెయ్యవు. వాటి మీద డబ్బు పెట్టేముందు ఆలోచించండి.

చర్మం సంగతికొస్తాను. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం యూవీ సూచిక 11 దాటడం మామూలే. ఫోనులో వాతావరణం యాప్ తెరిస్తే ఆ అంకె కనిపిస్తుంది, అది 3 ఉన్నా, అంతకు మించినా జాగ్రత్త అవసరం. ఫోను లేకపోతే నీడ చూసుకోండి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉంటే ఎండ చర్మానికి చెడ్డది. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా బయటి పని పెట్టుకోకండి. మబ్బు పట్టిందని నమ్మొద్దు, మబ్బులోంచి కూడా యూవీ వస్తుంది. మైపాడు, కొత్తపట్నం బీచిలకు గొడుగు పట్టుకుని వెళ్ళినా గడ్డం కింద, ముక్కు కింద కాలుతుంది. పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా యూవీని పైకి కొడుతుంది. ఉప్పుమళ్ళల్లో, రొయ్యల గుంటల గట్ల మీద పనిచేసేవాళ్ళకూ కింద నుంచి వచ్చే ఆ దెబ్బ ఉంటుంది. అలాంటి పనిలో పెట్టాల్సి వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించే ఏర్పాటు చేసుకోండి. వీలైతే ఆ పని వద్దే వద్దు.

అందరూ ముందు ఎండకు రాసే క్రీము గురించి అడుగుతారు. నేను ముందు బట్ట గురించి చెప్తాను. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, మెడ మూసే కాలరు. బట్ట మంచిదో కాదో తెలియాలంటే దీపం ముందు పట్టి చూడండి. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే యూవీ కూడా అలాగే దూరుతుంది. వెంకటగిరి నేత లాంటి పల్చటి తెల్ల నూలు చల్లగా ఉంటుంది, కానీ ఎండను ఆపదు. తడిస్తే ఇంకా తక్కువ ఆపుతుంది. దగ్గర నేత, ముదురు రంగు, వదులు కుట్టు, ఈ మూడూ కావాలి. బడి యూనిఫాం పొట్టిచేతులదైతే హెడ్మాస్టరుకు ఒక్క అర్జీ ఇచ్చి పొడుగు చేతులు, టోపీకి అనుమతి తీసుకోండి. ప్రార్థన, డ్రిల్లు నీడలో పెట్టమని అడగండి. ఆటలు మాన్పించొద్దు, వేళ మార్చండి.

బట్ట కప్పని చోటికే క్రీము. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకుండా, వీలైతే 50, యూవీఏ (యూవీలో ఒక రకం) నుంచి కూడా కాపాడేది అని రాసి ఉండాలి. డబ్బా మీద రాసిన ఆ అంకె చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల మందాన రాస్తేనే నిజం. అంటే పెద్దవాళ్ళకు ముఖం, మెడ, చెవులకు కలిపి ఒక టీస్పూను. చేతులు బయటుంటే ఒక్కో చేతికి ఇంకో టీస్పూను. బయటికి వెళ్ళే ముందు పావుగంట, అరగంట ముందు రాసి, ప్రతి రెండు గంటలకు మళ్ళీ రాయాలి. చెమట తుడుచుకుంటే దాంతోపాటే పోతుంది, వెంటనే మళ్ళీ రాయాలి. ఈ లెక్కన రోజుకు మూడుసార్లు ముఖం, మెడ, చెవులకు మాత్రమే రాసినా 50 గ్రాముల ట్యూబు నాలుగు రోజులు రాదు. రెండు నెలలుగా ఒకే ట్యూబు వాడుతున్నామంటే పౌడరులా పల్చగా పూస్తున్నారన్నమాట, అది రాసుకున్నామన్న ధైర్యం ఇస్తుంది కానీ కాపాడదు. ఖర్చు తట్టుకోలేమంటే తప్పు కాదు, అందుకే బట్టలు. మర్చిపోయే చోట్లు చెప్తాను: చెవుల అంచులు, మెడ వెనక, పాపిడి, పాదాల మీద, కింది పెదవి. పెదవికి ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వేరే కావాలి. ఆరు నెలల లోపు బిడ్డకు క్రీము వద్దు, నీడ, బట్ట చాలు. బండి డిక్కీలో ట్యూబు పెట్టకండి, ఆ వేడికి పాడవుతుంది. నీళ్ళు విడిపోయి వస్తే పారేయండి. బస్సు కిటికీ అద్దం మూసినా యూవీఏ వస్తుంది, పొడుగు చేతులు తియ్యొద్దు. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని మందులు వేసుకున్న రోజుల్లో ఎండ ఇంకా ఎక్కువ కాలుస్తుంది, మందు రాసేటప్పుడు ఆల్బినిజం ఉందని డాక్టరుకు చెప్పండి.

చర్మం ఎండకు కాలిన దెబ్బ ఏళ్ళ తరబడి పేరుకుంటే చర్మ క్యాన్సర్ రావచ్చు. ముందుగా పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. చేత్తో తడిమితే గరుకు కాగితంలా తగిలే మచ్చ, నాలుగు వారాలైనా మానని పుండు, తాకితే రక్తమొచ్చే బొడిపె, కింది పెదవి మీద పొలుసు, ఇలాంటివి కనిపిస్తే ఆకు పసరు, సున్నం పెట్టకుండా చర్మ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. వీళ్ళల్లో మెలనోమా (చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన రకం) కూడా నల్లగా ఉండకుండా గులాబీరంగులోనే రావచ్చు, కాబట్టి నల్లమచ్చ కోసం మాత్రమే చూడకండి. ఇంకో మాట. చూపు తక్కువ మనిషి తన వీపు, తన చెవి వెనక తానే చూసుకోలేడు. నెలకోసారి ఇంట్లోవాళ్ళు చూడాలి. తల దువ్వేటప్పుడు, తలంటేటప్పుడు మెడ వెనక, చెవులు వేళ్ళతో తడిమి చూడండి. ఆరు నెలలకోసారి, కనీసం ఏడాదికోసారి డాక్టరు చూడాలి.

రక్తం గురించి ఒక ప్రశ్న ప్రతి ఇంట్లో అడగాలి. బిడ్డకు ఊరికే కమిలిన మచ్చలు వస్తాయా, ముక్కులోంచి రక్తం కారి ఆగదా, పన్ను పీకితే గంటల తరబడి కారిందా? ఆల్బినిజంతో పాటు వచ్చే హెర్మాన్‌స్కీ-పుడ్లాక్ అనే అరుదైన రకంలో ప్లేట్‌లెట్లు (రక్తం కారకుండా గడ్డకట్టించే కణాలు) సరిగా పనిచెయ్యవు. లెక్క మామూలుగానే ఉంటుంది, అందుకే మామూలు రక్త పరీక్షలో దొరకదు. ప్లేట్‌లెట్ల పనితీరు పరీక్ష వేరే ఉంటుంది. అది తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వెయ్యకండి, ఆపరేషన్‌కు, పంటి పనికి ముందు డాక్టరుకు చెప్పండి.

వైకల్య సర్టిఫికెట్ సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో లో విజన్ ఉంది. చర్మం రంగు చూసి ఇవ్వరు, చూపు చూసే ఇస్తారు. అద్దాలు పెట్టాక కూడా రెండు కళ్ళూ 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 40 శాతం వస్తుంది. అంతకన్నా తక్కువైతే శాతం పెరుగుతుంది. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను, చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ దారి తెరుచుకుంటుంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం) స్లాటు తీసుకుని వెళ్ళేటప్పుడు వాడుతున్న అద్దాలు, పాత కంటి రిపోర్టులు పట్టుకెళ్ళండి. పదో తరగతి పరీక్షల ముందు కాదు, ఎనిమిదిలోనే తీసుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: మేడం, ఎండకు పూర్తిగా దూరంగా పెడితే డి విటమిన్ తగ్గదా?

తగ్గొచ్చు. దానికి ఎండలో నిలబెట్టడం మందు కాదు. రక్తపరీక్ష చేయించి డాక్టరు చెప్పిన మోతాదులో డి విటమిన్ వెయ్యండి. సొంతంగా వారాల తరబడి పెద్ద మోతాదు వాడొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి జుట్టుకు రంగు వెయ్యొచ్చా? బడిలో దొరసాని అని పిలుస్తున్నారంట.

అమ్మాయి కోరుకుంటే వెయ్యొచ్చు. మీకోసం, చుట్టాలకోసం వెయ్యకండి. ముందు చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు చూడండి, దద్దు వస్తే వద్దు. పిలుపుల సంగతి టీచరుతో మాట్లాడండి. తరగతిలో పది నిమిషాలు ఆల్బినిజం అంటే ఏంటో చెప్తే చాలామంది పిల్లలు మానేస్తారు. ఇక్కడున్న టీచర్లు ఆ పది నిమిషాలు ఇవ్వాలి.

ప్రశ్న: మా తమ్ముడికి ఉంది. పెళ్ళి చేస్తే పిల్లలకు వస్తుందా?

సంబంధం లేని కుటుంబంలోంచి, ఆ జన్యువు లేని అమ్మాయిని చేసుకుంటే పిల్లలకు రాదు, వాళ్ళ దగ్గర జన్యువు మాత్రం ఉంటుంది. అక్క కూతుర్నో మేనమామ కూతుర్నో చేస్తే ప్రమాదం ఎక్కువ. ఇద్దరికీ ఆల్బినిజం ఉన్నా, రెండు వేర్వేరు జన్యువుల వల్ల వచ్చి ఉంటే పిల్లలు మామూలుగా పుట్టొచ్చు. ఏ జన్యువో పరీక్షతో తెలుస్తుంది. హైదరాబాదు నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది, పెళ్ళికి ముందే ఒకసారి వెళ్ళి రండి.

ప్రశ్న: కళ్ళు ఊగడం ఆపరేషన్‌తో పోతుందా? ఒకాయన గ్యారంటీ అంటున్నాడు.

గ్యారంటీ ఇచ్చేవాళ్ళ దగ్గర ఆగొద్దు. తల బాగా తిప్పి చూసే పిల్లల్లో కంటి కండరాలు జరిపి, ఊగడం తక్కువగా ఉండే ఆ కోణాన్ని ఎదురుగా తెచ్చే ఆపరేషన్ ఉంది. దానివల్ల మెడ తిన్నగా వస్తుంది, చూపు కొందరికి కాస్త మెరుగవుతుంది. ఊగడం పూర్తిగా ఆగదు, కంటి లోపల ఏర్పడని గుంట ఏర్పడదు. తల కొంచెమే తిప్పే పిల్లలకు అవసరం లేదు. ముందు చుక్కలు వేసి పవర్ చూపించారా? లేదా? అయితే ఆ పని ముందు. అద్దాలు మూడు నెలలు వాడాక, తల ఎంత తిప్పుతున్నాడో ఫోనులో వీడియో తీసి, అది పట్టుకుని పిల్లల కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.